కరువుసీమలో స్త్రీల విక్రయము: మూలములు, నివారణ

గుంతకల్లు జంక్షను నుండి రైలు మార్గములు అన్ని దిక్కులకు పోవుచున్నవి. చెన్నై–ముంబయి ప్రధానమార్గము ఈ ఊరి మీదుగనే సాగును. బళ్ళారి, హుబ్బళ్ళి వైపు ఒక మార్గము, ధర్మవరము మీదుగా బెంగుళూరుకు వేరొకటి, డోను, నంద్యాలల మీదుగా గుంటూరుకు ఇంకొకటి ఇచ్చటినుండి చీలును. వానలు కురియని ఏట ఈ బండ్లలో మన పల్లెలవారు కుటుంబములతో సహా పనులు వెదకికొనుచు పోవుట తరతరములుగా మనము చూచుచున్నదే.

పనికై పోయినవారిలో పెక్కుమంది నాలుగు రూకలు మిగుల్చుకొని తిరిగివత్తురు. కొందరు స్త్రీలు, బాలికలు మాత్రము తిరిగి రారు. ఇంటి పనియనియో, మిల్లు పనియనియో, అరబ్బు దేశములో ఉద్యోగమనియో చెప్పి తీసికొనిపోబడిన వారికి ఆ పని దొరకదు. వారు వ్యభిచార గృహములకో, జీతములేని చాకిరికో అమ్మబడుదురు. దీనినే చట్టము మానవుల అక్రమ రవాణా అని పేర్కొనుచున్నది. ఈ కీడు ఎట్లు పుట్టునో, ఎట్లు పనిచేయునో, దీనిని గ్రామస్థులు ఏ దశలో ఆపగలరో ఈ వ్యాసమున వివరింతుము.

కరువు, అప్పు

అనంతపురము పీఠభూమి వానకు మాటుపడిన భూమి. నైరుతి మేఘములను పడమటి కనుమలు అడ్డుకొనును. ఈశాన్య ఋతుపవనము తూర్పు తీరమునుండి ఇంత లోపలికి వచ్చునప్పటికి బలము కోల్పోవును. పూర్వపు అనంతపురము జిల్లాలో సాలీనా సగటు వర్షము దాదాపు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఆంధ్రప్రదేశ్‌లో ఇంత తక్కువ వాన మరెచ్చటను లేదు. తుంగభద్ర ఎగువ కాలువ, హంద్రీ–నీవా పథకము కొంత భూమిని తడిపినవి. తక్కిన ఎఱ్ఱనేలలు, నల్లరేగళ్ళు ఆకాశమునే నమ్ముకొని యున్నవి.

మన ప్రాంతమున బుడ్డలని పిలుచు వేరుశనగ ఈ నేలలకు ముఖ్యమైన పంట. జూన్, జూలై నెలలలో విత్తిన పైరునకు ఊడలు దిగు సమయమున మూడు వారములు చినుకు పడకున్నచో కాయ కట్టదు. విత్తనమునకు, ఎరువునకు, దున్నకమునకు పెట్టిన సొమ్మంతయు మట్టిపాలగును. ఆ పెట్టుబడి పెక్కుచోట్ల అప్పుగా తెచ్చినది. బోరుబావి త్రవ్వించి నీరు పడనిచో ఆ అప్పు రెండింతలగును.

ఒక కుటుంబము యాబదివేల రూపాయలు నూటికి మూడు రూపాయల నెలవడ్డీకి తెచ్చినదనుకొందము. నెలకు వడ్డీ పదునైదు వందలు, సంవత్సరమునకు పదునెనిమిది వేలు. ఏడాదికొక పంట, అదియు నమ్మకము లేని పంట గలవాడు ఈ వడ్డీ చెల్లించుటయే కష్టము. అసలు కదలనే కదలదు. ఇంతలో ఇంట ఒకరికి జబ్బు చేసినను, ఒక పెండ్లి వచ్చినను, అప్పు మీద అప్పు చేరును. ఇట్టి ఇంటి వాకిట నిలిచి, "మీ అమ్మాయికి పని చూపించెదను, ముందుగా పదివేలు తీసికొనుడు" అని ఎవరైన పలికినచో, ఆ మాట ఆ ఇంటివారికి దేవుడు పంపిన వరమువలె వినబడును. దళారికి బలము ఇచ్చటనే కలుగుచున్నది.

ఇది నేటి మాట కాదు

1876–78 సంవత్సరముల మహాక్షామమున మద్రాసు రాజధానిలో మిక్కిలి దెబ్బతిన్న జిల్లాలలో బళ్ళారి ఒకటి. నేటి అనంతపురము అప్పుడు ఆ జిల్లాలోని భాగమే. 1882లో మాత్రమే వేరు జిల్లా అయినది. క్షామమున సహాయపు పనులకు వచ్చిన కూలికి రోజుకొక పౌను ధాన్యము, దానిపై స్వల్పమైన రొక్కము చాలునని సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించెను. ఆ కూలి ప్రాణము నిలుపుటకే చాలకపోయెను. ఆకలిగొన్న జనము ఊళ్ళు విడిచి పోయిరి.

ఆ కాలముననే మద్రాసు రేవునుండి నేటాలు, మారిషస్ మొదలగు దూరదేశముల చెరకు తోటలకు కూలీలను ఒప్పందముపై పంపుచుండిరి. నూరుగురు పురుషులకు నలుబదిమంది స్త్రీలు ఉండవలెనని ఆ వ్యవస్థలో నియమముండెడిది. ఈ సంఖ్య పూర్తిచేయుటకై కూలీలను కూర్చు ఏజెంట్లు విధవలను, భర్తలు విడిచిన స్త్రీలను, బంధువులతో తగవులాడి వచ్చినవారిని యాత్రాస్థలములలోను, సంతలలోను, రైలు స్టేషన్లలోను వెదకుచుండిరి. ఎచ్చటికి పోవుచున్నామో, ఎంతకాలమునకు పోవుచున్నామో తెలియకయే వ్రేలిముద్ర వేసినవారు పెక్కురు. దేశీయుల ఆందోళన ఫలితముగా 1917లో ఈ పద్ధతిన కూలీలను పంపుట ఆగిపోయినది. నేటి దళారియు అట్టి స్త్రీలనే, అట్టి చోటులనే వెదకుచున్నాడు.

పేదరికమొక్కటే కారణమా?

పేదవారందరు బిడ్డలను అమ్ముకొనరు. మన పల్లెలలో గంజినీళ్ళతో కడుపు నింపుకొని, ఆడుబిడ్డలను కంటికి రెప్పవలె కాపాడుకొనుచున్న కుటుంబములు లెక్కకు మిక్కిలి. కావున పేదరికము ఈ కీడునకు పొలము వంటిది. దానిలో విత్తునది వేరొకరు. లేమితోపాటు ఇంకేదో ఆధారము తెగిపోయిన స్త్రీ యే దళారి కన్నులబడును.

ఆ తెగిపోవు ఆధారములు ఏవి? మొదటిది బాల్యవివాహము. పదునాలుగు, పదునైదు ఏండ్లకే పెండ్లియై, ఇరువది నిండక ముందే ఇద్దరు బిడ్డలతో భర్తచే విడువబడిన యువతికి పుట్టినింటను, మెట్టినింటను చోటు దొరకదు. రెండవది చదువు మధ్యలో మాన్పించుట. మూడవది త్రాగుబోతు భర్త, అతడు చేసిన అప్పు. నాలుగవది స్త్రీ పేర భూమిగాని, ఇల్లుగాని లేకపోవుట. ఐదవది కట్నము భయము. కట్నము లేకుండ పెండ్లి చేసికొందుమని ఊరుపేరు తెలియనివారు వచ్చినప్పుడు తల్లిదండ్రులు విచారింపకయే ఒప్పుకొందురు.

ఆరవది ఆచారము పేర జరిగిన అన్యాయము. బళ్ళారి, అనంతపురము, కర్నూలు సరిహద్దు గ్రామములలో బసివి యను పేరున ఆడుబిడ్డను దేవునికి విడుచు పద్ధతి యుండెడిది. మగసంతానము లేని ఇంట ఆ బిడ్డ కొడుకు వలె ఆస్తికి వారసురాలగునని చెప్పెడివారు. ఆస్తియే లేని పేద దళిత కుటుంబములలో ఆమెకు దక్కినది వివాహము లేని బ్రతుకు, ఊరి పెద్దల దోపిడి మాత్రమే. 1947 నాటి మద్రాసు చట్టము, 1988 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టము దేవదాసీగా అంకితము చేయుటను నిషేధించినవి. ఆచారము మూతబడిన చోటులందును, ఆ తల్లుల బిడ్డలు తండ్రిపేరు లేనివారని చిన్నచూపునకు గురియగుట వలన దళారులకు సులభముగా చిక్కిరి.

దళారి పన్ను ఉచ్చు

దొంగ రాత్రివేళ గోడదూకి వచ్చునని మనము జాగ్రత్త పడుదుము. స్త్రీలను అమ్మువాడు పట్టపగలు, నవ్వు ముఖముతో వచ్చును. తరచుగా వాడు పరాయివాడు కాడు. దూరపు బంధువో, పక్క ఊరి స్త్రీయో, ఒకప్పుడు తానే అమ్ముడుపోయి పిదప ఆ వృత్తిలో దిగిన ఆమెయో అయియుండును. మంచి చీర, చేతినిండ గాజులు, చేతిలో సెల్‌ఫోను చూపించి, "నేను పోయి బాగుపడితిని, నీవును రమ్ము" అనును. నేటి కాలమున ప్రేమ పేర, పెండ్లి పేర ఫోనులోనే పరిచయము పెంచుకొను వారును గలరు.

కదిరి పరిసర మండలములు ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో నున్నవి. గడచిన శతాబ్దపు చివరి దశకము నుండి వరుసగా వచ్చిన కరువులలో ఆ మండలముల స్త్రీలు ఢిల్లీ, పుణే, ముంబయి నగరములకు ఇట్లే తరలింపబడిరి. జాతీయ మానవహక్కుల సంఘము 2002–2004 మధ్య జరిపించిన పరిశోధన కూడ ఆంధ్రప్రదేశ్‌ను స్త్రీలు తరలింపబడు ముఖ్యరాష్ట్రములలో ఒకటిగా గుర్తించినది.

ఉచ్చు ఎట్లు బిగియునో చూడుడు. దళారి మొదట కుటుంబమునకు కొంత అడ్వాన్సు ఇచ్చును. ప్రయాణము ఖర్చు, బట్టలు, భోజనము అన్నియు తానే భరించును. నగరము చేరిన పిదప ఆమెను ఒక సొమ్మునకు వేరొకరికి అప్పగించి తాను మాయమగును. కొన్నవాడు ఆ సొమ్మును, దళారి ఇచ్చిన అడ్వాన్సును, దారిఖర్చును, గది అద్దెను ఆమె పేర అప్పుగా వ్రాయును. లెక్కపుస్తకము వాని చేతిలోనుండును. కావున ఆ అప్పు ఎన్నడును తీరదు. ఊరిలో నూటికి మూడు రూపాయల వడ్డీనుండి తప్పించుకొనుటకు పోయిన ఆమె, లెక్కయే లేని అప్పులో పడును. భాష తెలియదు, ఫోను లాగికొందురు, కొట్టుదురు. పారిపోయి వచ్చినను ఊరు తన్ను రానిచ్చునా యను భయము ఆమెను తాళముకంటె గట్టిగా బంధించును.

గల్ఫు దేశములకు ఇంటిపనికై పోవు స్త్రీల విషయమున కష్టము వేరు రూపమున వచ్చును. అచ్చటి స్పాన్సరు విధానము వలన పనిమనిషి యజమానుని అనుమతి లేక పని మారుటకు వీలుపడని స్థితి కలిగినది. పాస్‌పోర్టు లాగికొనుట చట్టవిరుద్ధమైనను జరుగుచున్నది. భారత ప్రభుత్వము ఇట్టి పనులకు పోవు స్త్రీల కనీస వయస్సు 30 ఏండ్లుగా నిర్ణయించి, విదేశోద్యోగములు చూపు ఏజెంట్లు 1983 నాటి వలసల చట్టము క్రింద నమోదు కావలెనని నియమము పెట్టినది. నియమము తప్పించుటకు ఉప ఏజెంట్లు విజిట్ వీసాపై పంపుదురు. అట్లు పోయిన స్త్రీ పేరు ఏ కార్యాలయపు పుస్తకములోను ఉండదు. ఆపద వచ్చినపుడు ఆమెను వెదకుట మిక్కిలి కష్టమగును.

చట్టము ఏమి చెప్పుచున్నది?

మన రాజ్యాంగములోని 23వ అధికరణము మనుష్యుల క్రయవిక్రయమును, వెట్టిచాకిరిని నిషేధించినది. 1956లో స్త్రీల, బాలికల అవినీతికర వ్యాపార నిర్మూలన చట్టము వచ్చినది. 1986 సవరణతో దాని పేరు, పరిధి మారినవి. వ్యభిచార గృహము నడుపుట, పరుల వ్యభిచారముపై బ్రతుకుట, స్త్రీని ఆ వృత్తికై సంపాదించుట ఈ చట్టము ప్రకారము నేరములు. 1976 నాటి చట్టము అప్పుకై కట్టుబానిసగా చేయించుకొను పనిని రద్దుచేసి, అట్టి అప్పులు చెల్లవని ప్రకటించినది.

ఐక్యరాజ్యసమితి 2000 సంవత్సరమున ఆమోదించిన ఒప్పందము అక్రమ రవాణాను మూడు భాగములుగా విడదీసి చూపినది. ఒకటి, మనిషిని చేర్చుకొనుట, తరలించుట, దాచుట. రెండు, అందుకై మోసము, బెదిరింపు, బలవంతము, నిస్సహాయతను వాడుకొనుట వంటి ఉపాయము. మూడు, దోపిడి యను ఉద్దేశము. భారతదేశము 2011లో దీనిని ధ్రువపరచినది. 2013లో శిక్షాస్మృతి సవరింపబడినది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలోని 143వ సెక్షను ఇదే నేరమునకు ఏడేండ్లకు తక్కువకాని కఠిన కారాగారము విధించుచున్నది. బాధితురాలు పదునెనిమిది ఏండ్లు నిండని బిడ్డయైనచో శిక్ష పదేండ్లకు తక్కువ కాదు. యావజ్జీవము వరకు పోవచ్చును.

ఇందు గ్రామస్థులు ముఖ్యముగా గుర్తుంచుకొనవలసిన మాట ఒకటి గలదు. "ఆమె ఇష్టపడియే పోయినది", "తల్లిదండ్రులు సొమ్ము తీసికొనిరి" అను వాదము దళారిని రక్షింపదు. మోసముతోనో, బలముతోనో, లేమిని ఆసరా చేసికొనియో తీసికొనిపోయినపుడు బాధితురాలి సమ్మతికి విలువ లేదని చట్టమే చెప్పుచున్నది. కాబట్టి పోలీసు స్టేషనుకు పోవుటకు ఆమెగాని, ఆమె తల్లిగాని సిగ్గుపడనక్కరలేదు. నేరము చేసినవాడు దళారి, తలవంచవలసినదియు వాడే.

చాలకాలము ఆచరణలో దీనికి విరుద్ధముగా జరిగినదనుట నిజము. దాడులు జరిగినపుడు స్త్రీలు పట్టుబడి జరిమానా కట్టిరి, నడిపించినవారు తప్పించుకొనిరి. 2022 మే నెలలో సుప్రీంకోర్టు బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసులో, దాడుల సమయమున ఈ స్త్రీలను అరెస్టు చేసి వేధింపరాదనియు, వారికిని అందరివలె గౌరవముతో బ్రతుకు హక్కు గలదనియు ఆదేశించినది.

పనికి పోవుట తప్పుకాదు

ఈ విషయములు విని, ఇక ఆడువారిని ఊరు దాటనీయరాదని కొందరు పెద్దలు తీర్మానింపవచ్చును. అది సరికాదు. పని లేని చోట కట్టివేసినచో ఆకలి తీరదు. దొంగచాటుగా పోవుటకు దళారియే దిక్కగును. సుగ్గికి పోవుట, మిల్లులో చేరుట, పట్టణమున నర్సుపని నేర్చుకొనుట, విదేశమున సంపాదించుట స్త్రీకిని గల హక్కులు. తెలిసి పోవుటకును, తెలియక పోవుటకును గల భేదమునే మనము చూడవలెను.

పనికి పిలుచువానిని ఈ ప్రశ్నలు అడుగుడు. యజమాని పేరేమి, పని చోటు చిరునామా యేమి? జీతమెంత, ఎవరి చేతికి వచ్చును? అడ్వాన్సు ఇచ్చినచో అది ఎట్లు తీరును, మధ్యలో తిరిగిరావలెనన్న ఎవరి అనుమతి కావలెను? ఆధారు కార్డు, పాస్‌పోర్టు, ఫోను ఎవరి దగ్గర ఉండును? ఆ చోటికి ముందే పోయిన మన ఊరివారితో ఫోనులో మాటలాడ వచ్చునా? ఈ ప్రశ్నలకు నిజాయితీగల మేస్త్రీ తడుముకొనక జవాబిచ్చును. "ఎవరితోను చెప్పవద్దు, రాత్రి బండికే బయలుదేరవలెను" అనువాడు ఎవడైనను సరే, అతడు బంధువైనను సరే, నమ్మదగినవాడు కాడు. పోవు ప్రతి స్త్రీయు ఒక ఫోను నంబరు కాగితము మీద గాక మనస్సులో వ్రాసికొనవలెను. కాగితమును లాగికొనవచ్చును, కంఠస్థమైనదానిని లాగికొనలేరు.

తిరిగి వచ్చిన ఆమె

రక్షింపబడి ఇల్లు చేరిన స్త్రీకి రెండవ కష్టము ఊరిలో ఎదురగును. మునుపటి అప్పు అట్లే యుండును. వీధిలోని వారు మాటలందురు. ఆమె చెల్లెండ్ర పెండ్లికి అడ్డంకియని ఇంటివారు కుందుదురు. ఈ స్థితిని కనిపెట్టి అదే దళారి తిరిగి వచ్చును. రక్షించుట సగము పని మాత్రమే యని అనుభవము నేర్పినది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2003లోనే అక్రమ రవాణా నిరోధమునకు, బాధితుల పునరావాసమునకు ఒక విధానమును ప్రకటించినది. కేంద్ర ప్రభుత్వము 2007లో ఉజ్జ్వల పథకమును ఆరంభించినది. మిషన్ శక్తి వచ్చిన పిదప ఆ గృహములు శక్తి సదన్ అను పేర నడచుచున్నవి. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితముగా వకీలును నియమించును. నష్టపరిహారమునకు దరఖాస్తు పెట్టించును. ఇట్టి బాధలు పడి తిరిగివచ్చిన స్త్రీలు మన రాష్ట్రమున "విముక్తి" యను పేరున ఒక సంఘముగా ఏర్పడి, తమ వంటివారి కొరకు అధికారులతో మాటలాడుచున్నారు. ఆమెను పొదుపు సంఘములో చేర్చుకొనుట, కూలిపనికి పిలుచుట, ఆమె బిడ్డలను బడిలో తక్కినవారి సరసన కూర్చుండ బెట్టుట మాత్రము ఏ ఉత్తరువు వలనను జరుగవు. అవి ఊరివారు చేయవలసినవి.

గ్రామము చేయగల పనులు

ఊరిలోనే పని, ఊరిలోనే చౌక అప్పు దొరకినచో దళారికి చోటు తగ్గును. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకము 2006 ఫిబ్రవరి 2వ తేదీన మన జిల్లాలోని నార్పల మండలము బండ్లపల్లిలోనే ప్రారంభింపబడినది. కరువుసీమలో పనియే మొదటి రక్షణ యని ఆ ఎంపిక తెలుపుచున్నది. పని కోరుట, పనిదినముల లెక్క సరిచూచుకొనుట, కూలి తన ఖాతాలోనే పడునట్లు చూచుకొనుట ప్రతి స్త్రీయు నేర్వవలెను. పొదుపు సంఘములు కరువు నెలలలో, అనగా పంట పోయినదని తేలిన తరువాత, ఏయే ఇండ్లు వడ్డీవ్యాపారి గడప తొక్కుచున్నవో కనిపెట్టి మొదటి అప్పు ఆ ఇండ్లకే ఇచ్చుట మేలు.

పంచాయతి పనికై బయటికి పోవువారి పేర్లు, పోవు చోటు, పిలిచినవాని పేరు ఒక పుస్తకములో వ్రాసియుంచవలెను. ఇది ఎవరిని ఆపుటకు కాదు, రానివారిని వెదకుటకు. బడి మానిన బాలికను ఉపాధ్యాయుడు, అంగన్వాడీ కార్యకర్త వారములోపల పలుకరింపవలెను. పదునెనిమిదేండ్లు నిండని పెండ్లిని 2006 నాటి చట్టము నిషేధించినదని పెండ్లిపెద్దలకు ముందే తెలుపవలెను.

అనుమానము కలిగినపుడు ఆలస్యము చేయరాదు. అత్యవసరమునకు 112, స్త్రీల సహాయమునకు 181, బాలల కొరకు 1098, రైలులోనో ప్లాట్‌ఫారము మీదనో చూచినచో 139, ఉచిత న్యాయసలహాకు 15100 నంబర్లు గలవు. ఈ నంబర్లను పాఠశాల గోడమీద, పాలకేంద్రము వద్ద, చౌకడిపో తలుపు మీద పెద్ద అక్షరములతో వ్రాయింపుడు. బండి గుంతకల్లు దాటినపిదప అది ఏ దిక్కున పోయినదో తెలియుటకే దినములు పట్టును. ఊరిలో బస్సు ఎక్కునపుడే, స్టేషనులో బండికై వేచియున్నపుడే గుర్తించుట సులభము.

1893లో ఈ గుంతకల్లులోనే హంపన్న అను రైల్వే గేటుకాపరి, తెల్ల సోల్జర్లు తరుముకొని వచ్చిన ఇద్దరు స్త్రీలకు అడ్డునిలిచి వారి తుపాకికి బలియయ్యెను. గుత్తికి చెందిన న్యాయవాది కేశవపిళ్ళె ఈ అన్యాయమును లోకమునకు చాటెను. హంపన్న చిన్న జీతగాడు. ఆ స్త్రీలు అతనికి చుట్టములు కారు. అట్టి ప్రాణత్యాగము నేడు మనలనెవరును కోరుటలేదు. ఒక ప్రశ్న అడుగుట, ఒక ఫోను చేయుట, తిరిగివచ్చిన ఆడుబిడ్డకు వాకిలి తెరచుట మాత్రమే మనవంతు. ఈ ఏడు కోతలు ముగిసి బండ్లు ఎక్కు కాలము రాకముందే ప్రతి గ్రామసభలోను ఈ విషయము చర్చించి, పైన చెప్పిన పుస్తకమును తెరువవలెనని పంచాయతి సభ్యులను, పొదుపు సంఘముల సోదరీమణులను కోరుచున్నాము.